వెర్డా వేసిన బెజ్జం

వెర్డా జైడర్స్ ఆ తుపాకిని పాత బొంతలో చుట్టి, కారు వెనక సీటు మీద పడుకోబెట్టి, ఎల్వుడ్ లైస్టర్ ఇంటికి తెచ్చింది. డిసెంబరు మొదటి వారం. టస్కరోరా కొండ నెత్తిన మంచు తెల్లగా పరుచుకుంది గాని, కింద పొలాల్లో మొక్కజొన్న మోళ్ళు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఎల్వుడ్ తన పశువుల కొట్టంలో సగం భాగాన్ని పనిశాలగా మార్చుకుని ముప్పై ఏళ్ళు దాటింది. ఆవులు పోయి వాటి స్థానంలో బొగ్గుపొయ్యి, వస్తువుల్ని బిగించి పట్టే బెంచీ వైసు, గోడ నిండా ఆకురాళ్ళూ ఉలులూ వచ్చాయి. అతను తన చేత్తో చేసిన చెకుముకి తుపాకులు ఆ లోయలో పాతిక దాకా ఉంటాయి.

వెర్డా మొగుడు మెర్విన్ పోయి రెండు చలికాలాలైంది. కొండ మీది వేట గుడిసెలో, పొయ్యి పైన గోడకి, మెర్విన్ ఫోటో పక్కన అతని తుపాకి కూడా వేలాడదీద్దామని అక్కడి వేటగాళ్ళంతా అనుకున్నారు. ఆ సంగతి ఎల్వుడ్ ఫోన్ చేసి చెబితే ఆమె వెంటనే ఒప్పుకుంది. బట్టల బీరువాలో చలికోట్ల వెనక నిలబెట్టి ఉంచడం కంటే అదే నయం కదా అనిపించింది.

ఎల్వుడ్ బొంత విప్పాడు. గొట్టం కింద ఉన్న, మందు కూరే చెక్క కర్రను లాగి, మూతిలోంచి లోపలికి జారవిడిచి, ఎంత దిగిందో బొటనవేలితో పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూశాడు. కర్ర అడుగు దాకా పోలేదు. అడుగుకి రెండంగుళాల పైనే ఆగిపోయింది.

"కూరి ఉంది, వెర్డా."

"ఏం కూరి ఉంది?"

"మందూ గుండూ. ఆఖరిసారి కొండెక్కినప్పుడు కూరినట్టున్నాడు. అలాగే వదిలేశాడు."

వెర్డా రెండడుగులు వెనక్కి వేసింది. "రెండేళ్ళుగా నేను దీని పక్కనే కోట్లు తగిలిస్తున్నాను, ఎల్వుడ్. చర్చికి పోయేటప్పుడల్లా దీన్ని పక్కకి జరిపి కోటు తీసుకుంటున్నాను."

"ఏం కాదులే. చిప్పలో మందు లేకపోతే పేలదు." ఎల్వుడ్ నవ్వాడు. "ఉన్నా పేలదనుకో. మెర్విన్ తుపాకి కదా."

"అంటే?"

ఎల్వుడ్ తలెత్తి ఆమె మొహం చూశాడు. వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నాడు. కాదని తెలిసేసరికి అతని చేతిలో కర్ర ఆగిపోయింది.

"గుడిసెలో మెర్విన్‌ని ఏమని పిలుస్తారో నీకు తెలుసు కదా."

"మెరుపు అంటారు. చెక్క మీద రాసి కూడా పెట్టారట. గబగబా నడుస్తాడనేగా?"

మెర్విన్ ఎప్పుడూ గబగబా నడిచిన మనిషి కాదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే, ఆ మాట పైకి అన్నాకనే తట్టింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఎప్పుడూ అతనికంటే నాలుగడుగులు ముందే ఉండేది.

ఎల్వుడ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పక తప్పదని అర్థమై, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ తుపాకికి పక్కన చిన్న ఇనుప చిప్ప ఉంటుంది. అందులో చిటికెడు మందు పోస్తారు. మీట నొక్కితే చెకుముకిరాయి ఉక్కు రెక్కకి రాసుకుని రవ్వలు రాలుతాయి, చిప్పలో మందు భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న బెజ్జంలోంచి లోపలికి దూరితేనే అసలు మందు అంటుకుని గుండు బయటికి పోతుంది. మెర్విన్ తుపాకిలో చిప్ప మాత్రం బ్రహ్మాండంగా మెరిసేది. తర్వాత ఏమీ ఉండేది కాదు. పొడి వాతావరణంలో నాలుగింటికి ఒకటి పేలేది. మంచులో అదీ లేదు.

"ముప్పై మూడేళ్ళు. క్రిస్మస్ మర్నాడు మొదలెట్టి జనవరి సగం దాకా, ప్రతి ఏడూ. జింకలు వాడి ముందుకొచ్చి నిలబడేవి. భగ్గుమని మెరిసేది, ఇంత పొగ లేచేది, జింక తలతిప్పి చూసి తన దారిన తను పోయేది. మేం కడుపుబ్బ నవ్వేవాళ్ళం. ఆ చెక్క మీద అక్షరాలు చెక్కింది నేనే."

"నాతో జింకలు కనబడలేదని చెప్పేవాడు," అంది వెర్డా. "ప్రతి ఏడూ అదే మాట. ఈ మనిషికి మంచులో తిరగడమే ఇష్టం గాని వేట మీద మనసు లేదనుకున్నాను. థర్మాస్‌లో సూపు పోసి పంపేదాన్ని."

"ఎన్నిసార్లు చెప్పానో వాడికి. బెజ్జం చోటు తప్పింది రా, కిందికి పడింది, తొడుగు వేసి సరిచేస్తాను, ఒక్క పూట పని అని. చెవిన పెట్టేవాడు కాదు. ఆ బెజ్జం జోలికి రావొద్దు అనేవాడు. అంత మొండితనం దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు."

పొయ్యిలో బొగ్గు చిటపటమంది. వెర్డా తన చేతుల వంక చూసుకుంది.

"ఆ బెజ్జం వేసింది నేను."

*

అది పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిది జనవరి. ఆ ఏడు మంచు కిటికీల సగం దాకా పేరుకుపోయింది. అంతకు ముందు శరదృతువులో మెర్విన్ ఒక కేటలాగు చూసి, విడిభాగాల పెట్టె తెప్పించుకున్నాడు. గొట్టం, చెకుముకిరాయీ చిప్పా ఉండే మర, కరకుగా కోసిన మేపుల్ చెక్క, ఒక సంచీడు మేకులూ స్క్రూలూ, నాలుగు పేజీల సూచనలు. అవి చేతికొచ్చిన రోజు అతను వంటింటి బల్ల మీద అన్నీ వరసగా పేర్చి, అన్నం తినడానికి చోటు లేకుండా చేశాడు. నెల రోజులు ఇద్దరూ పొయ్యి గట్టు దగ్గర నిలబడే తిన్నారు.

చెక్కలో మర కూర్చునేలా గుంట తవ్వడం నవంబరులోనే అయిపోయింది. క్రిస్మస్ తర్వాత ఇటుకల బట్టీలో ఇనుప అచ్చు మీద పడి అతని కుడిచేతి వేళ్ళు రెండు విరిగాయి. మోచేతి దాకా పిండికట్టు. ఎనిమిది వారాలు ఇంట్లో కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం మెర్విన్ వల్ల అయ్యే పని కాదు. వెర్డా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎడంచేత్తో గరుకు కాగితం పట్టుకుని చెక్కను రుద్దుతూ ఉండేవాడు. మొహం చూస్తే జాలేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను అన్నాడు. "ఇంక బెజ్జం ఒక్కటే మిగిలింది. ఎడంచేత్తో బరమా తిప్పలేను. నువ్వు తిప్పుతావా?"

"పాడైతే?"

"రోజుకి మూడొందల కాలర్లు కుడతావు. ఒక్క బెజ్జం వెయ్యలేవా?"

పెన్సిలుతో చుక్క పెట్టింది అతనే. ఎడంచేత్తో పెట్టాడు. ఆమె నాలుక పళ్ళ మధ్య బిగించి, చేతి బరమాను గొట్టానికి ఆనించి తిప్పింది. మొదట ముల్లు జారింది. జారిందని ఆమెకు తెలిసింది. అతనికి చెబుదామనుకునే లోపే ముల్లు ఇనుములో పట్టుకుని సన్నటి రజను రాలడం మొదలైంది. ఆ రజను చూసేసరికి ఆమెకు హుషారొచ్చింది. ఆపలేదు. తిరిగినంత సేపు తిరిగి ముల్లు ఒక్కసారిగా లోపలికి దిగిపోయినప్పుడు ఆమె చెయ్యి ఎగిరిపడింది. మెర్విన్ వంగి, బెజ్జంలోకి ఊది, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ బక్‌వీట్ పిండితో అట్లు వేసుకుని, బెల్లం పాకం పోసుకుని తిన్నారు. అతను ఎడంచేత్తో తింటూ పాకమంతా పిండికట్టు మీద ఒలకబోసుకున్నాడు. ఆమె తడిగుడ్డతో తుడుస్తూ నవ్వింది. అతను కూడా నవ్వాడు. ఆ చలికాలం మొత్తంలో ఆమెకు బాగా గుర్తున్న సాయంత్రం అదే. ఆ బెజ్జం గురించి తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

*

ఎల్వుడ్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"వాడు మాతో ఒక్క ముక్క చెప్పలేదు," అన్నాడు చివరికి. "ముప్పై మూడేళ్ళు నేను వాణ్ణి... ఆ చెక్క నేనే చెక్కాను, వెర్డా."

"నీ తప్పేముంది? నీకు తెలీదు. నాకూ తెలీదు. తెలిసింది ఒక్కడికే." వెర్డాకి వచ్చింది ఏడుపు కాదు, కోపం. "వంటింట్లో నా ఎదురుగా కూర్చుని ముప్పై మూడేళ్ళు జింకలు కనబడలేదన్నాడు. ఒక్కసారి 'వెర్డా, బెజ్జం కిందికి పోయింది' అంటే నేను చచ్చిపోతానా? ఇంకోటి వేసి ఉండేదాన్ని."

"నిన్ను నొప్పించకూడదని..."

"నన్నడిగాడా?"

ఎల్వుడ్ తుపాకిని ఉన్నదున్నట్టే గోడకి తగిలించేద్దామనీ, అందులో మందు మాత్రం తీసేస్తాననీ నసిగాడు. వెర్డా కావాలంటే తను చెక్కిన ఆ పేరు చెక్క కూడా తీసి పొయ్యిలో పెట్టేస్తానన్నాడు.

"చెక్క ఉండనీ," అంది ఆమె. "తుపాకి గోడకెక్కదు. ముందు దీన్ని బాగుచేద్దాం. నేను వేసిన బెజ్జం నేనే సరిచేస్తాను. ఎలాగో నువ్వు చూపించు."

"డెబ్బై ఒకటి వచ్చాయి నీకు."

"నీకు డెబ్బై నాలుగు. ఆ కళ్ళద్దాలతో నువ్వు చేసే పని నేను చెయ్యలేనా?"

ముందు లోపలున్నది బయటికి రావాలి. ఎల్వుడ్ బెజ్జంలోంచి నూనె పోసి, మందు బాగా నానేదాకా ఆగి, కర్ర చివర స్క్రూ లాంటి ముల్లు బిగించి గొట్టంలోకి దింపాడు. ముల్లు మెత్తటి సీసపు గుండులోకి దిగేదాకా తిప్పాడు. తర్వాత కర్రకి అడ్డంగా పట్టుకర్ర కట్టి ఇద్దరూ చెరోవైపు పట్టి లాగారు. మూడోసారికి 'టప్' మని గుండు ఊడొచ్చింది. దాని చుట్టూ చుట్టి కూరిన గుడ్డముక్క నూనెలో నల్లబడింది, అయినా నీలం చారలు ఇంకా కనబడుతున్నాయి.

వెర్డా ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "మా పరుపు దిండు గలీబు. చిరిగిపోయిందని గుడ్డల సంచిలో పడేశాను. ఎవరు కత్తిరించుకుపోయారా అనుకున్నాను."

"మంచి గుడ్డే ఏరుకున్నాడు," అన్నాడు ఎల్వుడ్.

ఆమె దాన్ని బల్ల అంచున ఆరబెట్టింది. వెంటనే మళ్ళీ తీసి పొయ్యిలో వేసేసింది. ఎల్వుడ్ అడ్డుచెప్పబోయి ఊరుకున్నాడు.

*

మర్నాటి నుంచి ఆమె రోజూ వచ్చేది. పొద్దున్న తొమ్మిదింటికి వచ్చి, మధ్యాహ్నం భోజనం వేళ దాకా ఉండేది. ఒకరోజు చికెన్ మొక్కజొన్న సూపు, ఇంకోరోజు బీట్‌రూట్ నీళ్ళలో ఊరిన ఎర్రటి గుడ్లు డబ్బాలో తెచ్చేది. ఎల్వుడ్ భార్య పోయాక ఆ పనిశాలలో ఇంకో మనిషి అలికిడి ఉండటం అదే మొదలు. అతను తెల్లారే పొయ్యి రాజేసి, స్టూలు తుడిచి ఉంచేవాడు. ఆ సంగతి ఒప్పుకునేవాడు కాదు.

రెండో రోజునే ఒక విశేషం బయటపడింది.

ఎల్వుడ్ తపాలాలో వచ్చిన క్రిస్మస్ కార్డు కవరులోంచి కాగితపు ముక్క చింపి, చిప్పకీ గొట్టానికీ మధ్య పెట్టాడు. కాగితం ఎక్కడా ఆగకుండా సర్రున కిందికి జారిపోయింది.

"ఇది పోకూడదు," అన్నాడు.

"ఎందుకు?"

"చిప్ప గొట్టానికి అంటుకుని ఉండాలి. వెంట్రుక దూరే సందు కూడా ఉండకూడదు. ఇక్కడ కాగితమే దూరుతోంది. అంటే చిప్పలో పోసిన మందు సగం ఈ సందులోంచి జారి మర వెనక్కి పోతుంది." అతను రెండు బోల్టులు విప్పి మరను చెక్కలోంచి బయటికి తీశాడు. లోపలి గుంట ఒకవైపు బొగ్గులా నల్లగా కాలిపోయి ఉంది. "చూడు. ముప్పై మూడేళ్ళుగా ఇక్కడ మంట లోపలే మండుతోంది. తుపాకిని కాదు, చెక్కను కాల్చుకున్నాడు."

వెర్డా కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. "ఈ గుంట ఎవరు తవ్వాలి?"

"తుపాకి చేసేవాడే. మర వంకరగా కూర్చుంది. వెనకవైపు చెక్క ఎక్కువ వదిలేశాడు, అందుకే చిప్ప గొట్టం దాకా రాలేదు."

"ఈ గుంట మెర్విన్ నవంబరులో తవ్వాడు. చెయ్యి విరగక ముందు. రెండు చేతులూ బాగున్నప్పుడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెర్డాకి ముందు పెదవి వణికింది, తర్వాత భుజాలు వణికాయి. నవ్వుతోందని ఎల్వుడ్‌కి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"అంటే బెజ్జం ఒక్కటే కాదు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "నా బెజ్జం సరిగ్గా ఉన్నా ఇది పేలేది కాదు."

"సగం సగం. ఆ మాటకొస్తే వాడి వాటానే కొంచెం ఎక్కువ."

"ఈ సంగతి ఆ మనిషికి తెలుసా?"

ఎల్వుడ్ ఆలోచించాడు. "వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మర విప్పి తుడవాలి. తుడిచేవాడు, నేను చూశాను. ఈ నలుపు కనబడకుండా ఎలా ఉంటుంది? నేను విప్పుతానంటే మాత్రం ఎన్నడూ ఇచ్చేవాడు కాదు."

ఆ మధ్యాహ్నమంతా వెర్డా అదే ఆలోచించింది. మెర్విన్ తన పెళ్ళాం వేసిన బెజ్జాన్ని దాచాడా, లేక తను తవ్విన గుంటను దాచుకున్నాడా? రెండూనేమో. బెజ్జం సరిచేయించాలంటే ఎల్వుడ్ మర విప్పాలి, విప్పితే గుంట బయటపడుతుంది. ఎలా చూసినా ఆ మనిషి నోరు మూసుకుని కూర్చోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మొదటి రోజు ఆమె మనసులో అతను చాలా గొప్పవాడైపోయాడు, అంత గొప్పవాడితో నలభై ఆరేళ్ళు కాపురం చేశానా అని బెదురు పుట్టింది కూడా. ఇప్పుడతను మళ్ళీ మామూలు మెర్విన్ అయ్యాడు, పాకం ఒలకబోసుకునే మెర్విన్. ఆమెకు కోపం పోయింది. అతను లేడన్న దిగులు మాత్రం, ఎన్నో నెలల తర్వాత, కొత్తగా కలుక్కుమంది.

"ముందు చిప్ప కుదరాలి," అన్నాడు ఎల్వుడ్. "చిప్ప జరిగితే బెజ్జం ఎక్కడుండాలో లెక్క మారిపోతుంది. అందరూ తొందరపడి బెజ్జంతో మొదలెడతారు."

కొవ్వొత్తి వెలిగించి, మర వెనకభాగాన్ని మంట మీద పట్టి మసి పట్టించాడు. గుంటలో పెట్టి నొక్కి తీస్తే, ఎక్కడ తగులుతోందో చెక్క మీద నల్లగా అచ్చు పడింది. ఆ నలుపున్న చోట మాత్రమే ఉలితో గీకాలి. ఉల్లిపొర అంత. మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం, మళ్ళీ గీకడం. ఎల్వుడ్ చెయ్యి వణుకుతుందని వెర్డాయే ఉలి తీసుకుంది. కాలర్ మూలలు తిప్పిన వేళ్ళు, ఎంత ఒత్తాలో వాటికి తెలుసు. నాలుగు రోజులు పట్టింది. బోల్టులు బిగించి వంపు సరిచేశాక చిప్ప అంచుకు ఆకురాయి రెండుసార్లు తగిలించి, ఎల్వుడ్ కాగితం ముక్క పెట్టాడు. కాగితం ఆగింది. అటు ఇటు లాగినా దిగలేదు.

ఆ మర్నాడు బెజ్జం. గొట్టాన్ని చెక్కలోంచి విడదీసి వైసులో బిగించారు. చిప్ప పై అంచుకి సరిగ్గా సమానంగా, పాత బెజ్జానికి గోరు మందం పైన ఎల్వుడ్ కొత్త చుక్క గుర్తుపెట్టాడు. అక్కడ పెద్ద రంధ్రం వేస్తే, పాత బెజ్జం అందులో కలిసిపోతుంది. దానికి లోపల మరచుట్లు కోసి, మధ్యలో సన్నటి బెజ్జమున్న ఉక్కు తొడుగు బిగిస్తారు. లోపలివైపు ఆ తొడుగు గరాటులా విచ్చుకుని ఉంటుంది, మందు చిప్ప దగ్గర దాకా వచ్చి మంట కోసం కాచుకుని ఉండేలా.

కరెంటు బరమా మీద చెయ్యి పెట్టి వెర్డా ఆగింది. పాత బెజ్జంలోకి వంగి చూసింది. పెద్ద గొప్పగా ఏమీ లేదు. కాస్త వంకరగా, అంచున చిన్న గీతతో ఉంది. ముల్లు జారిన గీత.

"కావాలంటే ఇంకోలా చేద్దాం," అన్నాడు ఎల్వుడ్ మెల్లగా. "దీన్ని పూడ్చి పైన..."

"నువ్వు వైసు గట్టిగా పట్టుకో," అని వెర్డా బరమా మీట కిందికి లాగింది.

*

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, ఎల్వుడ్ కొట్టం వెనక, గడ్డిమోపుల ముందు కాగితం కట్టి తుపాకిని పరీక్షించారు. వెర్డా చిన్నప్పుడు పుట్టింటి పొలంలో పందికొక్కులను కొట్టిన మనిషి, తుపాకి పట్టుకోవడం కొత్తకాదు. మందు కొలిచి పోసింది, గుడ్డా గుండూ కూరింది, చిప్ప నిండా సన్నమందు పోసి, చెకుముకిరాయి పట్టి ఉండే గుర్రాన్ని వెనక్కి లాగి మీట నొక్కింది.

భగ్గుమంది. ఇంత పొగ. ఒక్క క్షణం, రెండు క్షణాలు, ఏమీ లేదు.

"మెరుపమ్మా," అన్నాడు ఎల్వుడ్.

"నోరు ముయ్యి. ఎందుకు పేలలేదో చెప్పు."

అతను తుపాకి మూతిని గడ్డిమోపుల వైపే ఉంచమని చెప్పి, నిమిషం ఆగి, పుల్లతో బెజ్జం శుభ్రం చేశాడు. "బెజ్జం కప్పుకుపోయేలా పోశావు. అప్పుడది వత్తిలా కాలుతుందే గాని మంట దూకదు. చిప్పలో సగం చాలు. అదీ బెజ్జానికి దూరంగా, బయటివైపు జరిపి పొయ్యి."

రెండోసారి మెరుపూ మోతా ఒకటే అయిపోయాయి. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. భుజం మీద ఎవరో చరిచినట్టయింది. కొండ నుంచి మోత తిరిగొచ్చింది. గంధకం వాసన ఆమె కోటుకి పట్టుకుంది, మెర్విన్ ప్రతి జనవరిలో ఇంటికి మోసుకొచ్చిన వాసన. పొగ విచ్చుకున్నాక చూస్తే కాగితానికి కింది మూలన తూటు పడింది. ఇంకో తొమ్మిదిసార్లు కాల్చింది. తొమ్మిదిసార్లూ పేలింది. ఎల్వుడ్ లెక్కపెట్టడం మానేసి, కొట్టంలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బొగ్గు పొగ అన్నాడు.

క్రిస్మస్ మర్నాడు తెల్లవారాక ఇద్దరూ కొండెక్కారు. గుడిసెలో మిగతావాళ్ళు ఆమెను చూసి టోపీలు తీశారు. వాళ్ళకు ఏం చెప్పాలన్నది ఎల్వుడ్ ఆమెకే వదిలేశాడు. ఆమె కాఫీ తాగుతూ, బెజ్జం తను వేసిందనీ, గుంట మెర్విన్ తవ్వాడనీ, ఇప్పుడు రెండూ సరిచేశామనీ రెండు ముక్కల్లో చెప్పేసింది. రాయ్ అనే ముసలాయన, "మరి జింకల మాటేమిటి, ఇక ఇది పేలుతుందని వాటికెవరు చెబుతారు?" అన్నాడు. దాంతో అందరూ నవ్వారు, వెర్డా కూడా.

మెర్విన్ ఎప్పుడూ కూర్చునే చోటుకు ఎల్వుడ్ ఆమెను తీసుకెళ్ళాడు. హెమ్లాక్ చెట్ల కింద పడిపోయిన ఓక్ దుంగ, ఎదురుగా చిన్న వాగు, వాగు మీద పల్చటి మంచుపొర. పది దాటాక ఒక ఆడజింక వాగు దాటి పైకొచ్చింది. నలభై అడుగుల దూరం. ఎల్వుడ్ ఊపిరి బిగబట్టాడు. వెర్డా తుపాకి ఎత్తి, గురిచూసి, మీట నొక్కింది.

మోతకి చెట్ల మీది మంచు జలజలా రాలింది. పొగలోంచి చూస్తే జింక తోక తెల్లగా ఎగరేసుకుంటూ వాలు పైకి పోతోంది. ఎల్వుడ్ వెళ్ళి వెతికాడు. రక్తం లేదు, వెంట్రుక లేదు. ఒక చిన్న మేపుల్ మొక్క మాత్రం నడుముకి తెగి పడి ఉంది.

"ముప్పై మూడేళ్ళలో," అన్నాడు తిరిగొచ్చి దుంగ మీద కూలబడుతూ, "ఈ తుపాకి గురి తప్పడం ఇదే మొదటిసారి."

వెర్డా నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ, థర్మాస్ మూత తీసి, ఇద్దరికీ పోసింది. కాసేపు మంచుపొర కింద వాగు నీళ్ళు కదిలే చప్పుడు విన్నారు.

"పేలనప్పుడు ఏం చేసేవాడు?" అని అడిగింది.

"మెర్వినా? టోపీ తీసేవాడు. జింకకి. 'పోయిరా అమ్మా' అని పైకే అనేవాడు. నేనా చెట్టు దగ్గర కూర్చునేవాణ్ణి, నాకు వినబడేది. తర్వాత శాండ్‌విచ్ తినేవాడు. నువ్వు బొలోనా మాంసం పెట్టి కట్టిచ్చింది కాదు, నా వాటాది. నాది తిని, ఇంటికి పోయాక తను తెచ్చుకున్నది పక్కింటి కుక్కకి పెట్టేవాడు, నువ్వు ఆవముద్ద ఎక్కువ రాస్తావని."

"అదీ చెప్పలేదు," అంది వెర్డా.

ఎండ కొండ అంచు దాటి వాగు మీద పడింది. ఆమె కప్పు బోర్లించి, లేచి నిలబడి, తుపాకి మడమను మంచులో ఆనించింది. గొట్టంలో తడిగుడ్డ దింపి పైకి లాగి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. ఎల్వుడ్ మందుకొమ్ము అందించాడు. ఆమె కొలత నిండా మందు పోసుకుని, ఒక్క రేణువు కింద పడకుండా, గొట్టంలోకి ఒంపింది.